టామ్ సాయర్‌ని కత్తిరించారో లేదో అట్ట మీదే చెప్పండి

సంపాదకులు గారికి,

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. అవి అయిన నెలన్నరకల్లా జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. గుంటూరు, విజయవాడల్లో పిల్లల పుస్తకాలు ఎక్కువగా చేతులు మారే రోజులివి. వ్యాసరచన పోటీ బహుమతులకనీ, పుట్టినరోజులకనీ, మనవడికో మనవరాలికో ఇద్దామనీ పెద్దవాళ్లే కొంటారు. కొన్నది తాము మాత్రం చదవరు. ‘చిన్నప్పుడే చదివేశాంగా’ అంటారు. ఏం చదివారని అడిగితే టామ్ సాయర్ విషయంలో వచ్చే జవాబులు రెండే: స్నేహితుల చేత గోడకు సున్నం వేయించుకున్నాడు, గుహలో తప్పిపోయాడు. ముప్పై అయిదు అధ్యాయాల నవలలో మిగతాదంతా ఏమైంది? చాలామంది చదివింది నవల కాదు, నవల కథ. మిగతాది వాళ్ల చేతికి రాకముందే ఎవరో తీసేశారు. తీసేసింది కూడా ఏదో తోచిన ముక్క కాదు. పెద్దవాళ్లు చదివితే రుచి తెలిసే భాగం ఏదో సరిగ్గా అదే పోయింది.

మార్క్ ట్వేన్ ఈ నవలను 1876లో అచ్చువేశాడు. అంతకు ముందు ఏడాది జూలైలో, రాత పూర్తికాగానే, అట్లాంటిక్ మంత్లీ పత్రిక సంపాదకుడు విలియం డీన్ హొవెల్స్‌కు రాసిన ఉత్తరంలో ఇది పిల్లల పుస్తకం కానే కాదనీ, పెద్దల కోసమే రాశాననీ చెప్పుకున్నాడు. హొవెల్స్ రాతప్రతి చదివి, పిల్లల పుస్తకంగానే వేయమని సలహా ఇచ్చాడు. ట్వేన్ ఒప్పుకున్నాడు. ఆ మేరకు కొన్ని మాటలు మార్చాడు, కొన్ని కొట్టేశాడు. అయిదో అధ్యాయంలో, చర్చిలో ప్రసంగం నడుస్తుండగా ఒక కుక్క కరిచే పురుగు మీద కూర్చుంటుంది. అక్కడ దాని తోక గురించి ఉన్న ఒక పోలిక అలాగే పోయింది. కత్తెర పడటం మన ప్రచురణకర్తలతో మొదలు కాలేదన్నమాట. కాకపోతే ట్వేన్ ముందుమాటలోనే తన ఉద్దేశం దాచకుండా చెప్పాడు: పుస్తకం ముఖ్యంగా పిల్లల వినోదం కోసమే అయినా, ఆ కారణంగా పెద్దలు దీన్ని పక్కన పెట్టకూడదు, ఒకప్పుడు తాము ఎలా ఉండేవాళ్లో, ఎలా ఆలోచించేవాళ్లో, ఎలా మాట్లాడేవాళ్లో వాళ్లకు సరదాగా గుర్తుచేయడం కూడా తన పథకంలో భాగమే అని. సంక్షిప్త ప్రతుల్లో ముందు పోయేది ఈ ముందుమాటే.

సున్నం సంగతే చూడండి. అది గోడ కాదు, పలకల దడి. పొడవు 30 గజాలు, ఎత్తు 9 అడుగులు అని ట్వేన్ కొలతలు ఇచ్చాడు. అంటే 810 చదరపు అడుగులు. మధ్యాహ్నం గడిచేసరికి దాని మీద మూడు పూతలు పడ్డాయి. మొత్తం 2,430 చదరపు అడుగుల వెల్ల. ఇంటికి సున్నం వేయించిన అనుభవం ఉన్న ఎవరికైనా ఈ అంకెలు చూడగానే ఆ శనివారం ఉదయం టామ్ గుండె ఎందుకు జారిపోయిందో తెలుస్తుంది. పిల్లలకు అక్కడ కనబడేది టామ్ తెలివి. పెద్దలకు కనబడేది జీతం ఇచ్చి చేయించుకోవాల్సిన పనిని ఎదురు వస్తువులు పుచ్చుకుని చేయించుకున్న వ్యాపారం. తప్పనిసరిగా చేయవలసింది పని, తప్పనిసరి కానిది ఆట అని ట్వేన్ అక్కడొక నిర్వచనం ఇస్తాడు. వస్తువు దొరకడం కష్టమని నమ్మిస్తే చాలు, దానికోసం మనిషి వెంపర్లాడతాడు అనేది ఇంకో సూత్రం. బొమ్మల పుస్తకాల్లో దడి ఉంటుంది, ఈ రెండు ముక్కలు ఉండవు.

అదే అధ్యాయంలో టామ్‌కు ముట్టిన ఆస్తుల జాబితా ఉంది. గాలిపటం, దారానికి కట్టిన చచ్చిన ఎలుక కాక ఇంకా పదహారు రకాలు: పన్నెండు గోలీలు, దేన్నీ తెరవని తాళంచెవి, సుద్దముక్క, ఒంటికన్ను పిల్లికూన, కుక్క లేకుండా కుక్క మెడపట్టీ, పిడి మాత్రమే ఉన్న చాకు, నాలుగు నారింజ తొక్కలు, ఇలా సాగుతుంది. సంక్షిప్తం చేసేవాళ్లు దీన్ని ‘ఎన్నో వస్తువులు’ అని రెండు మాటల్లో తేల్చేస్తారు. నవ్వంతా ఆ జాబితాలోనే ఉంది మరి.

దీనికి జోడు నాలుగో అధ్యాయం. సండే స్కూల్లో రెండు బైబిలు వాక్యాలు కంఠతా అప్పజెబితే ఒక నీలం చీటీ. పది నీలం చీటీలకు ఒక ఎర్రది. పది ఎర్రవాటికి ఒక పసుపుపచ్చది. పది పసుపువి పోగైతే, ఆ రోజుల్లో 40 సెంట్లు చేసే సాదా బైండు బైబిలు ఒకటి. లెక్క కడితే 2,000 వాక్యాలు. టామ్ వాక్యాలేవీ నేర్చుకోడు. దడి దగ్గర సంపాదించిన సరుకుతో తోటి పిల్లల చీటీలు కొంటాడు. చివరికి లేచి నిలబడి తొమ్మిది పసుపు, తొమ్మిది ఎరుపు, పది నీలం చూపిస్తాడు. కూడి చూడండి: 900, 90, 10. సరిగ్గా వెయ్యి నీలం చీటీలు, ఒక్కటి ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆ వెంటనే ఏసు మొదటి ఇద్దరు శిష్యుల పేర్లు చెప్పమంటే ‘దావీదు, గొల్యాతు’ అంటాడు. గుంటూరు పాఠకులకు ఈ జోకు విప్పి చెప్పనక్కర్లేదు. ఈ మధ్యలోనే, ఒక జర్మన్ కుర్రాడు ఒకసారి ఆగకుండా 3,000 వాక్యాలు అప్పజెప్పి, ఆ శ్రమకు మతి దెబ్బతిని, ఇక దేనికీ కొరగాకుండా పోయాడని ట్వేన్ ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోతాడు. పదేళ్లవాడు దాన్ని నవ్వుకుని వదిలేస్తాడు. ర్యాంకుల హోర్డింగుల కింద నుంచి రోజూ బండి నడుపుకుంటూ వెళ్లే తండ్రి ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగుతాడు.

21వ అధ్యాయం సంగతి ఇంకా చిత్రం. బడిలో వార్షిక పరీక్షల సాయంత్రం. అమ్మాయిలు తాము రాసిన వ్యాసాలు చదువుతారు. అరువు తెచ్చుకున్న విషాదం, పట్టి పట్టి వాడిన పెద్ద మాటలు, ఏ విషయం తీసుకున్నా చివర తగిలించక తప్పని నీతిబోధ. ఆ వ్యాసాల్ని ట్వేన్ కల్పించలేదు. ఒక అచ్చయిన పుస్తకం నుంచి మార్పు లేకుండా తీసుకున్నానని అధ్యాయం చివర తనే చెప్పాడు. పిల్లల ప్రతుల్లో అయ్యవారి విగ్గును పిల్లి లాగేసే ఘట్టం ఉంటుంది, వ్యాసాలు ఉండవు. వ్యాసరచన పోటీలో గెలిచిన పిల్లలకు ఇచ్చే పుస్తకంలోంచి వ్యాసరచన మీద వేసిన చురకే ఎగిరిపోయిందన్నమాట.

పెద్దయ్యాక చదివితే కథలో మనం నిలబడే చోటు కూడా మారుతుంది. చిన్నప్పుడు టామ్ పక్కన ఉంటాం. నలభై దాటాక టామ్‌ని పెంచే పెద్దమ్మ పాలీ పక్కకు చేరతాం. 12వ అధ్యాయంలో ఆవిడ ఆరోగ్య పత్రికలన్నీ తెప్పించుకుంటుంది. ఈ నెల పత్రిక పోయిన నెల చెప్పినదాన్ని కాదంటున్నా ఆవిడకు పట్టదు. కొత్త వైద్యం ఏది కనబడినా ఇంట్లో చేతికందినవాళ్ల మీద ప్రయోగిస్తుంది. పొద్దున్నే వాట్సాప్ తెరిచే ఏ ఇంటికైనా ఈ పేజీలు సొంత ఇంటి ముచ్చటలా ఉంటాయి. టామ్‌కు పట్టించే నొప్పిమందు నిప్పుల ద్రావకం. ఆ కాలపు పేటెంటు మందుల్లో సారా, నల్లమందు ఉండటం మామూలే. టామ్ దాన్ని పిల్లికి పోస్తాడు. ఆ గొడవంతా అయ్యాక పాలీకి ఒక సంగతి తడుతుంది: పిల్లికి క్రూరమైనది పిల్లాడికి మాత్రం కాకుండా ఎలా పోతుంది? పిల్లి గెంతులు అన్ని ప్రతుల్లోనూ ఉంటాయి. ఈ ఒక్క ముక్క ఉందో లేదో వెతుక్కోవాలి.

15, 19 అధ్యాయాలు వెంటవెంటనే చదవాల్సినవి. దీవికి పారిపోయిన టామ్ రాత్రిపూట దొంగచాటుగా ఇంటికొచ్చి, తను చచ్చిపోయాడనుకుని పాలీ ఏడవడం మంచం కింద నుంచి వింటాడు. ‘మేం చావలేదు’ అని రాసిన చెట్టుబెరడు పక్కన పెట్టబోయి, మళ్లీ జేబులో వేసుకుని వెళ్లిపోతాడు. నాలుగు అధ్యాయాల తర్వాత పాలీ ఆ చొక్కా జేబు చూడాలా వద్దా అని తటపటాయిస్తుంది. బెరడు జేబులోనే ఉందని వాడు చెప్పింది చూస్తే అబద్ధమని తేలుతుందేమోనని భయం. ఈ నవల మొత్తంలో ఇంత పెద్ద సస్పెన్సు గుహలో కూడా లేదు. మధ్య అధ్యాయాల్ని కుదించిన ప్రతిలో బెరడు కనబడిన పేజీకీ అది దొరికే పేజీకీ మధ్య దూరం ఉండదు కాబట్టి, ఆ తటపటాయింపు పాఠకుడికి తగలదు.

ఇంకొక జంట ఉంది. 9వ అధ్యాయంలో అర్ధరాత్రి సమాధుల దొడ్డిలో హత్య జరుగుతుంది. యువ డాక్టర్ అక్కడికి ఎందుకొచ్చాడు? అప్పుడే పూడ్చిన శవాన్ని తవ్వించి తీసుకెళ్లడానికి. శరీరశాస్త్రం నేర్చుకోవడానికి చట్టప్రకారం శవాలు దొరకని కాలం అది. ట్వేన్ ఆ కారణాన్ని విడమరచడు. గుంటూరు మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది చదివే ఎవరికైనా అది చెప్పకుండానే తెలుస్తుంది. 20వ అధ్యాయంలో బడిపంతులు డెస్కులో దాచుకున్న పుస్తకాన్ని, టామ్ ఇష్టపడే అమ్మాయి బెకీ చింపుతుంది. అది కూడా శరీరశాస్త్రమే. డాక్టరు కావాలనుకుని పంతులుగా మిగిలిపోయిన మనిషి ఆయన. ఒకరు శవం దొంగిలిస్తారు, ఒకరు పుస్తకం దాచుకుంటారు. పిల్లల ప్రతుల్లో మొదటిది ‘సమాధుల దగ్గర గొడవ’, రెండోది ‘మాస్టారి పుస్తకం’ అవుతాయి. దాంతో వాటి మధ్య ఉన్న తీగ తెగిపోతుంది.

ఆ హత్య చేసిన జో గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఈ పాత్రకు ఊరు పెట్టిన పేరే అమెరికా ఆదివాసుల్ని తక్కువచేసే మాట. దాన్ని తెలుగులో ‘ఇండియన్ జో’ అని వదిలేస్తే మన పిల్లలు వాడెవడో మనవాడే అనుకునే ప్రమాదం నిజంగా ఉంది. మొదటిసారి వచ్చిన చోట అడుగున ఒక్క వాక్యం, ‘అమెరికా ఆదివాసి’ అని, తప్పనిసరి. ట్వేన్ ఇతన్ని దుర్మార్గుడిగానే రాశాడు. అయినా కారణాలు కూడా నమోదు చేశాడు. అన్నం అడిగితే డాక్టరు తండ్రి దేశదిమ్మరి అని జైల్లో వేయించాడు. ఇంకో ఘట్టంలో వితంతువు డగ్లస్ గారి భర్త, ఊరి మేజిస్ట్రేటు, జైలు ముందు నిలబెట్టి కొరడాతో కొట్టించాడు. ఈ మాటలు జో నోటి నుంచే వస్తాయి. నవలాకాలం, ముందుమాట ప్రకారం, 1876కు ముప్పై నలభై ఏళ్ల ముందు. మిస్సోరీలో బానిసత్వం చట్టబద్ధంగా నడుస్తున్న రోజులు. దడి దగ్గర నీళ్లకు వెళుతూ కనబడే జిమ్ బానిస పిల్లాడు. ఇవన్నీ తీసేసిన ప్రతిలో నది ఒడ్డున ఒక ముచ్చటైన పల్లెటూరు మాత్రం మిగులుతుంది.

అతని చావు 33వ అధ్యాయంలో. పిల్లలు మళ్లీ తప్పిపోకూడదని బెకీ తండ్రి జడ్జి థాచర్ గుహ తలుపుకు ఇనుపరేకు కొట్టించి మూడు తాళాలు వేయించాడు. లోపల మనిషి ఉన్నాడని ఎవరికీ తెలియదు. తెరిచేసరికి అతను కొవ్వొత్తి ముక్కలు, గబ్బిలాలు తిని, చివరికి ఆకలితో చచ్చి ఉన్నాడు. పైనుంచి మూడు నిమిషాలకు ఒక్క నీటి చుక్క రాలుతుంటే, కింద రాతిలో గుంట చేసి పట్టుకున్నాడు. రోజంతా పడితే ఒక చెంచాడు. ఆ చుక్క పిరమిడ్లు కొత్తగా ఉన్నప్పుడూ రాలుతోంది, ట్రాయ్ కూలినప్పుడూ రాలుతోంది అని ట్వేన్ ఒక పొడవాటి పేరా రాశాడు. మొత్తం పుస్తకంలో అంత గొప్ప వచనం మరోచోట లేదని నా అభిప్రాయం. ఆ గంభీరం నుంచి అదే ఊపులో, ఇతనికి క్షమాభిక్ష పెట్టమని గవర్నరుకు సంతకాలు సేకరించిన ఊరివాళ్ల మీద వెటకారానికి దిగుతాడు. మన ఉండవల్లిలా మనుషులు తొలిచిన గుహ కాదది. బొర్రా గుహల్లా నీరు సున్నపురాయిని కరిగించగా ఏర్పడింది. అనువాదకులకు ఆ తేడా తెలియకపోతే చుక్క, గుంట రెండూ అయోమయం అవుతాయి.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలి? స్టాలు ముందు నిలబడి అయిదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. విషయసూచికలో 35 అధ్యాయాలు, ఆపైన ఒక ముగింపు ఉండాలి. అధ్యాయాలకు సంఖ్యలు ఉన్నా నమ్మేయకూడదు. కొందరు రెండేసి కలిపేసి సంఖ్యలు కొత్తగా వేస్తారు. అందుకని మూడు చోట్ల తెరిచి చూడండి: రెండో అధ్యాయంలో ఒంటికన్ను పిల్లికూన దాకా జాబితా ఉందా, 21లో అమ్మాయిల వ్యాసాలు ఉన్నాయా, 33లో నీటి చుక్క పేరా ఉందా. మూడూ ఉంటే పుస్తకం దాదాపు పూర్తిగా ఉన్నట్టే. పేజీల సంఖ్య కూడా చెబుతుంది. ఆంగ్లమూలం 70 వేల మాటల చిల్లర. మామూలు సైజు పుస్తకంలో, కళ్లకు హాయిగా ఉండే అక్షరంతో అది రెండొందల పేజీలకు లోపు ఇమడదు. వంద పేజీలుండి అందులో పాతిక బొమ్మలైతే వేరే చూడక్కర్లేదు. అనుమానం వస్తే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైటులో ఆంగ్లపాఠం మొత్తం ఉచితంగా ఉంది. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. ఫోనులో తెరిచి పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు.

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో పాత ప్రతి దొరికితే ఇంకో పరీక్ష. పుస్తకాలు ఫారాల లెక్కన కుట్టు పడతాయి, ఎక్కువగా పదహారు పేజీలకు ఒకటి. ఊడిపోతే పేజీ కాదు, ఫారం ఊడిపోతుంది. అందుకని 16, 32, 48, ఇలా ఆ సరిహద్దుల దగ్గర పేజీ సంఖ్యలు వరసగా ఉన్నాయో లేదో తిప్పి చూడాలి. అట్టకు దగ్గరగా ఉండే మొదటి ఫారం, చివరి ఫారం ముందు పోతాయి. ఈ నవల విషయంలో అంటే ముందుమాట, ముగింపు.

చదవడం ఎలా అనేదానికి పెద్ద శాస్త్రం లేదు కానీ, మధ్యలో వదిలేసేవాళ్లు ఎక్కడ వదిలేస్తారో గమనిస్తే మేలు. ఆంగ్లంలో మొదలుపెట్టేవాళ్లు మొదటి అధ్యాయంలోనే ఆగిపోతారు. మిస్సోరీ యాసను ట్వేన్ ఉచ్చారణ ప్రకారం రాయడంతో స్పెల్లింగులు బెదరగొడతాయి. కంటితో చదివితే ముడిపడేవి, పైకి చదివితే విడిపోతాయి. రెండు మూడు అధ్యాయాలు అలా పైకి చదివితే చెవి అలవాటు పడుతుంది. తెలుగులో చదివేవాళ్లు ఆగేది 21, 22 దగ్గర. హత్య, దీవి, సొంత అంత్యక్రియలకు తామే హాజరవడం, ఇవన్నీ అయిపోయి కథ నెమ్మదిస్తుంది. అక్కడ ఆపకుండా 23లో కోర్టు ఘట్టం దాకా ఒకే కూర్చోడంలో లాగితే ఆపైన అదే లాక్కెళుతుంది. దీని తర్వాతి నవల హకల్‌బెరీ ఫిన్ ముందు చదివి దీనికి వచ్చినవాళ్లకు ఇది తేలికగా కనబడి చిరాకు కలుగుతుంది. వరస తప్పించకండి.

దీవి ఎంతుంటుందో ఊహించుకోలేక కొందరికి 13 నుంచి 16 దాకా పట్టు చిక్కదు. కొలతలు పుస్తకంలోనే ఉన్నాయి: మూడు మైళ్ల పొడవు, పావు మైలు వెడల్పు. అంటే 480 ఎకరాలు, మన భవానీ ద్వీపానికి మూడింతల పైన. అక్కడ మిసిసిపీ వెడల్పు మైలుకు కాస్త ఎక్కువ, ప్రకాశం బ్యారేజీ పొడవు కంటే ఎక్కువే. అయితే దీవికీ దగ్గరి ఒడ్డుకూ మధ్య పాయ రెండొందల గజాలే. టామ్ అందులో సగం నడిచి, మిగతా వంద గజాలు ఈదుతాడు. నది మొత్తం ఈదాడనుకుంటే కథ నమ్మబుద్ధి కాదు.

తెలుగులో ఈ నవలను మనకిచ్చినవారు నండూరి రామమోహనరావు గారు. విజయవాడలో ఆంధ్రజ్యోతికి సంపాదకత్వం వహించిన ఆయన స్టీవెన్సన్ నవల ట్రెజర్ ఐలండ్‌ను కాంచనద్వీపంగా కూడా తెచ్చారు. ఇప్పుడు కొత్తగా అనువదించేవాళ్లు, ముఖ్యంగా యంత్రం చేత చేయించి అచ్చువేసేవాళ్లు, కనీసం వరసలు చూసుకోవాలి. పాలీ ‘అత్త’ కాదు. టామ్ తన చనిపోయిన సోదరి కొడుకని ఆవిడే మొదటి అధ్యాయంలో చెబుతుంది. ముసలావిడ కాబట్టి పెద్దమ్మ. ఆ ఇంట్లో ఉండే మేరీ అప్పుడు అక్క అవుతుంది, వదినో మరదలో కాదు. అత్త అన్నారంటే మేరీ మరదలైపోయి, బెకీ వెంట టామ్ పడటానికి తెలుగు పాఠకుడి మనసులో లేనిపోని మెలిక పడుతుంది. డాలర్లను రూపాయల్లోకి మార్చడం రెండో పొరపాటు. టామ్, అతని స్నేహితుడు హక్ చేతికొచ్చింది 12 వేల డాలర్ల చిల్లర. ఆరు శాతం వడ్డీకి ఇస్తే ఒక్కొక్కరికీ పనిదినానికి ఒక డాలరు, సగం ఆదివారాలకు కూడా ఒక్కోటి వస్తుందని ట్వేన్ లెక్క. ఆరు వేలకు ఆరు శాతం 360 డాలర్లు, ఇంచుమించు సరిపోతుంది. ఒక పిల్లవాడి తిండి, బస, బట్టలు, చదువు అన్నీ వారానికి డాలరుంబావులో గడిచే కాలమది అని కూడా ఆయనే చెప్పాడు. ఆ వాక్యం ఉంచితే చాలు, ఏ మార్పిడీ అక్కర్లేదు. మూడోది 33లో ఒక మాట. దొంగలన్నాక విచ్చలవిడి విందులు చేసుకోవాలని టామ్ అంటాడు, ఆ మాటకు అర్థం వాడికీ తెలియదు, హక్‌కూ తెలియదు. పుస్తకాల్లో చూసి పట్టుకున్నాడు. అనువాదకుడు దానికి తేటతెలుగు అర్థం రాసేస్తే జోకు చచ్చిపోతుంది. పిల్లలకు తెలియని బరువైన మాటే అక్కడ ఉండాలి.

పిల్లలకు పైకి చదివి వినిపించేవాళ్లకు అధ్యాయం సగటున పావుగంట. రాత్రికొకటి చొప్పున అయిదు వారాలు. 9, 31, 33 మాత్రం ముందుగా పెద్దలు ఒంటరిగా చదువుకుని, చీకటి భయం ఉన్న పిల్లలకైతే పగలు వినిపించడం నయం. జాతిని కించపరిచే మాటలు వచ్చిన చోట చప్పుడు చేయకుండా దాటేస్తే పిల్లలు పట్టేస్తారు. ఎవరంటున్నారు, ఎప్పటి సంగతి అని ఒకసారి చెప్పి ముందుకెళ్లడమే మంచిది. అధ్యాయం చివర నీతి చెప్పే అలవాటు మాత్రం మానుకోవాలి. 21వ అధ్యాయం దగ్గరికొచ్చేసరికి ఇబ్బంది పడాల్సి వస్తుంది.

అడుగుతున్నది పెద్ద విషయమేమీ కాదు. సంక్షిప్తం చేయడం నేరం కాదు, ఎనిమిదేళ్ల పిల్లలకు అదే తగినది కూడా. చెప్పకుండా చేయడమే అభ్యంతరం. అట్ట మీద పేరు కింద ‘సంక్షిప్తం’ అని కనబడే అక్షరాల్లో ఉండాలి. ప్రచురణ వివరాల పేజీలో మూలంలో ఎన్ని అధ్యాయాలు, ఇందులో ఎన్ని, అనువాదం ఎవరిది అనే మూడు ముక్కలు ఉండాలి. ఏలూరు రోడ్డు దుకాణాల వాళ్లు, మహోత్సవంలో స్టాళ్లు పెట్టేవాళ్లు పూర్తి ప్రతుల్ని, బొమ్మల ప్రతుల్ని వేరువేరు అరల్లో సర్దితే కొనేవాడికి సగం శ్రమ తప్పుతుంది. మన గ్రంథాలయాల్లో ఇలాంటి నవలలు బాలల విభాగంలోనే ఉంటున్నాయి, ఆ గదిలో పెద్దవాళ్లు కూర్చోరు. ఒక పూర్తి ప్రతి పెద్దల నవలల బీరువాలో కూడా పెట్టమని ఈ వారోత్సవాల్లో గ్రంథపాలకులను కోరుతున్నాను. మీ ఆదివారం అనుబంధంలో పిల్లల పుస్తకాల పరిచయాలు పిల్లల పేజీలోనే వస్తున్నాయి. వాటిలో పేజీల సంఖ్య, ధర వేసే చోట ‘పూర్తి’ లేదా ‘సంక్షిప్తం’ అనే ఒక్క మాట కూడా చేర్చగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు